పక్షీ మునీ ఒకరే అయినప్పుడు: ఆత్మకథ పాఠకుణ్ణి చేరే తీరు

తెలుగు ఆత్మకథలపై వెలువడిన పీఠికలను, సమీక్షలను, సిద్ధాంత గ్రంథాలను వరుసగా చదివేవారికి ఒక మాట పదేపదే ఎదురవుతుంది. ఆ మాట ‘నిజాయితీ’. రచయిత తన జీవితాన్ని దాపరికం లేకుండా చెప్పారు, అందుచేత ఈ గ్రంథం పాఠకుల హృదయాన్ని తాకుతుంది అన్నది దాని స్థిరరూపం. సదస్సుల్లో పత్రసమర్పణలు వింటున్నప్పుడు కూడా ఆత్మకథ అనగానే చర్చ ఈ మాట దగ్గర మొదలై తరచుగా ఈ మాట దగ్గరే ఆగిపోతుంది. ఆ వాక్యంలోని ‘అందుచేత’ ఎంతవరకు నిలుస్తుందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

నిజాయితీ మనిషి గుణం. గ్రంథంలో మనకు దొరికేది వాక్యం. రచయితను ఎరగని, ఆయన చెప్పిన సంఘటనలను సరిచూసుకునే వీలు లేని పాఠకుడు వాక్యాన్ని బట్టే మనిషిని ఊహించుకుంటాడు. అంటే నిజాయితీగా రాశారన్న నమ్మకం చదవడం వల్ల కలిగిన ఫలితం. ఆ ఫలితాన్నే తిరిగి కారణంగా చూపితే విమర్శ చేయవలసిన పని చేయకుండానే ముగిసిపోతుంది. పాత గ్రంథాలయాల్లో సొంత ఖర్చుతో అచ్చు వేయించుకున్న జీవితచరిత్రలు ఎన్నో కనిపిస్తాయి. ఆ రచయితల నిజాయితీని శంకించే హక్కు మనకు లేదు. అయినా వాటిలో చాలా పుస్తకాలు పది పుటలు దాటి చదివించవు. సత్యం చెప్పినంత మాత్రాన సత్యం పాఠకుడి దాకా రాదనడానికి వాటికి మించిన సాక్ష్యం అక్కరలేదు.

మరి పాఠకుణ్ణి చేర్చేది ఏది? ఈ ప్రశ్నకు సమాధానం వెతకడానికి కందుకూరి వీరేశలింగం ‘స్వీయచరిత్రము’ను, కొండపల్లి కోటేశ్వరమ్మ ‘నిర్జన వారధి’ని ప్రధానంగా తీసుకుంటున్నాను. మొదటి దాని ప్రథమ భాగం 1911లో వచ్చింది. రెండోది 2012లో వచ్చింది. నడుమ నూరేళ్ల దూరం ఉన్నా ఈ రెండు గ్రంథాలను కలిపే సూత్రం ఒకటుంది. రెండింటిలోనూ ఒక వితంతువు పునర్వివాహం ఉంది.

మునిది కాని శోకం

మన అలంకారశాస్త్రం ఆత్మకథ అనే ప్రక్రియను ఎరగదు. కానీ వ్యక్తిగతమైన అనుభవం ఇతరులకు ఎలా ఆస్వాద్యమవుతుంది అన్న ప్రశ్నను అంత లోతుగా వేసిన శాస్త్రం మరొకటి నాకు కనిపించలేదు. క్రౌంచవధను చూసిన వాల్మీకి శోకం శ్లోకమైందన్న ప్రసిద్ధమైన కథను ఆనందవర్ధనుడు ప్రస్తావించగా, లోచనంలో అభినవగుప్తుడు అక్కడ ఒక హెచ్చరిక చేస్తాడు. ఆ శోకం మునిది అనుకోరాదట. అది మునిదే అయితే పక్షి దుఃఖానికి ఆయనా దుఃఖితుడై ఉండిపోయేవాడు. అప్పుడు రసం కావ్యానికి ఆత్మ అన్న మాటకే అక్కడ తావుండదు. బాధపడుతున్నవాడు బాధపడుతున్నంతసేపు బాధే పడతాడు తప్ప కావ్యం చెప్పడు. ఇదీ ఆ హెచ్చరిక సారం.

నాట్యశాస్త్రం ఆరో అధ్యాయంలోని రససూత్రానికి వ్యాఖ్య రాస్తూ అభినవభారతిలో ఆయన ఏడు రసవిఘ్నాలను చెబుతాడు. వాటిలో రెండు మన చర్చకు ముఖ్యమైనవి. చూస్తున్న అనుభవం నాది మాత్రమే అనో, వేరొకరిది మాత్రమే అనో దేశకాలాలతో ముడివేసి పట్టుకోవడం ఒకటి. ప్రేక్షకుడు తన సొంత సుఖదుఃఖాలకు వశుడై ఉండిపోవడం మరొకటి. నాటకంలో మొదటి దాన్ని తొలగించడానికి ప్రస్తావన, వేషం, కిరీటం ఉన్నాయి. అవి నటుడి సొంత ఉనికిని కప్పేస్తాయి. రెండో దాన్ని తొలగించడానికి పాట, వాద్యం, అలంకరించిన రంగస్థలం ఉన్నాయి. ఈ విఘ్నాలు తొలగినచోట భట్టనాయకుడు చెప్పిన సాధారణీకరణం సిద్ధిస్తుంది.

ఆత్మకథకు వేషం లేదు. ముఖపత్రం మీద ఉన్న పేరూ, లోపల ‘నేను’ అంటున్న మనిషి పేరూ ఒకటే కావడమే ఈ ప్రక్రియ లక్షణమని ఫ్రెంచి విమర్శకుడు ఫిలిప్ లెజూన్ 1975లో ప్రతిపాదించాడు. రచయితకూ పాఠకుడికీ మధ్య ఉన్న ఒడంబడికగా ఆయన దాన్ని వర్ణించాడు. శ్రీశ్రీ ‘అనంతం’ను ఆత్మచరిత్రాత్మక నవల అన్నప్పుడు ఆ ఒడంబడికతో ఆయన కావాలనే ఆడుకున్నారని కూడా చెప్పవచ్చు. ఏమైనా, అభినవగుప్తుడు విఘ్నమన్నదే ఇక్కడ ప్రక్రియకు పునాది అయింది. ఇది ఫలానా మనిషిదే, ఫలానా ఊళ్లో ఫలానా ఏడు జరిగిందే అని చెప్పడంతోనే ఆత్మకథ మొదలవుతుంది.

ఇక్కడే లోచనంలోని హెచ్చరిక కొత్త అర్థంతో పనికివస్తుంది. రామాయణ కథలో పక్షి వేరు, ముని వేరు. బాణం తగిలింది ఒకరికి, పలికింది మరొకరు. ఆత్మకథలో పక్షీ మునీ ఒకరే. అయితే ఇద్దరి మధ్య కాలం ఉంది. అనుభవించిన ‘నేను’కూ, ఇప్పుడు కూర్చుని రాస్తున్న ‘నేను’కూ మధ్య ఎన్నో ఏళ్లు గడిచి ఉంటాయి. రాస్తున్న మనిషి అనుభవించిన మనిషికి తొలి సహృదయుడు కాగలిగితే, పాఠకుడు ఆ సహృదయుడి పక్కన వచ్చి కూర్చోవడానికి చోటు దొరుకుతుంది. కాలేకపోతే పాఠకుడి ముందు గాయపడిన పక్షి ఒక్కటే మిగులుతుంది. అతడు జాలిపడగలడు, తీర్పు చెప్పగలడు, పుటలు తిప్పగలడు. అంతకంటే చేయడానికి అతడికి ఏమీ ఉండదు. అభినవగుప్తుడు నిజసుఖాదులకు వశం కావడాన్ని ప్రేక్షకుడి దోషంగా చెప్పాడు. దాన్ని రచయితకు అన్వయించడం శాస్త్రాన్ని కొంత సాగదీయడమే. కానీ ఆత్మకథలో రచయితే తన జీవితానికి మొదటి ప్రేక్షకుడు కనుక ఆ అన్వయం అసంగతం కాదనుకుంటాను.

కాలం గడిచినంత మాత్రాన ఈ దూరం ఏర్పడదు. వీరేశలింగం గ్రంథం ఆ సంగతి చూపిస్తుంది.

పంతులుగారి వాదం, గోదావరి నీళ్లు

1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో గోగులపాటి శ్రీరాములుకూ గౌరమ్మకూ వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించారు. ఆ ఘట్టాన్ని ఆయన గ్రంథంగా ప్రకటించేనాటికి దాదాపు ముప్పై ఏళ్లు గడిచాయి. అయినా ఆ పుటల్లో పోరాటం ఇంకా ముగిసినట్టు ఉండదు. ఎవరు ముందుకు వచ్చారు, ఎవరు మాట ఇచ్చి వెనక్కి తగ్గారు, ఎవరు బహిష్కారానికి భయపడి ప్రాయశ్చిత్తం చేయించుకున్నారు, పైడా రామకృష్ణయ్య ధనసహాయం ఎలా ఆదుకుంది, బసవరాజు గవర్రాజు వంటి వారూ విద్యార్థులూ ఎలా అండగా నిలిచారు అన్నవన్నీ ఒక అభియోగపత్రానికి ఎదురు సమాధానం రాస్తున్నంత జాగ్రత్తగా నమోదవుతాయి. 1874లో ‘వివేకవర్ధని’ని స్థాపించి లంచగొండితనాన్ని బయటపెట్టిన పత్రికారచయిత చేయి ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. ఆధారం లేని మాట ఆయన కలం నుంచి రాదు. ఆధారం ఉన్న మాటను ఆయన వదలరు.

ఈ పద్ధతిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఆంధ్రదేశ సాంఘిక చరిత్ర రాసేవారికి ఆ పుటలు లేకపోతే పని జరగదు. పైగా ఆయన సమకాలిక పాఠకులకు ఆ మనుషులందరూ తెలుసు. వాళ్లకు అది కథ కాదు, వీధిలో ఇంకా నడుస్తున్న వ్యాజ్యం. కానీ ఈనాటి పాఠకుణ్ణి ఆ పద్ధతి ఎక్కడ కూర్చోబెడుతోందో గమనించాలి. న్యాయస్థానంలో కూర్చోబెడుతోంది. ఉభయపక్షాల వాదనలు విని పంతులుగారి పక్షాన తీర్పు చెప్పడం ఒక్కటే మనకు మిగిలిన పని. ఆ తీర్పు ఎటుపోయినా మన లోపల ఏదీ కదలదు. ముప్పై ఏళ్ల కాలం ఉన్నా రెండు ‘నేను’ల మధ్య దూరం లేకపోవడమే దీనికి కారణం. రాస్తున్న మనిషి అనుభవించిన మనిషికి వకీలుగానే ఉండిపోయాడు.

అదే గ్రంథంలో ఒక చిన్న సంగతి ఉంది. పెళ్లి తరువాత ఇంట్లో వంటవాళ్లూ నీళ్లు తెచ్చేవాళ్లూ మానుకున్నారు. వచ్చినవాళ్లకు వండి పెట్టడం, గోదావరి నుంచి నీళ్లు మోసుకు రావడం రాజ్యలక్ష్మమ్మగారి మీద పడ్డాయి. ఇంతే సంగతి. దీని మీద వాదం లేదు. ఆమె ఏమనుకున్నారో, ఎంత అలసిపోయారో వివరణ లేదు. పీఠాధిపతుల బహిష్కార పత్రాల వివరాలు ఎన్ని చదివినా అర్థం కాని వెలి అనే మాట ఆ నీళ్లబిందె దగ్గర అర్థమవుతుంది. వెలి అంటే రోజూ పొద్దున్నే ఇంట్లో నీళ్లు ఉండకపోవడం. ఆ బిందె బరువును పాఠకుడికి ఎవరూ చెప్పనక్కరలేదు. తన ఇంట్లో తన తల్లో అమ్మమ్మో మోసిన బిందె అతడికి గుర్తుంటుంది.

అభినవగుప్తుడు చెప్పిన విఘ్నాల్లో స్ఫుటత్వం లేకపోవడం కూడా ఒకటి. ఆత్మకథ విషయంలో ఈ విఘ్నమే తక్కినవాటికంటే పెద్దదని నా అభిప్రాయం. వ్యక్తిగతమైన వివరాలను తగ్గిస్తే అనుభవం అందరిదీ అవుతుందని ఒక అపోహ ఉంది. నాటకంలో అది కొంతవరకు నిజం కావచ్చు. ఆత్మకథలో అందుకు భిన్నంగా జరుగుతుంది. ‘ఎన్నో కష్టాలు పడ్డాం’ అన్న వాక్యం ఎవరిదైనా కావచ్చు కనుక ఎవరిదీ కాదు. గోదావరి నీళ్లు రాజమహేంద్రవరంలో ఒక ఇంటివి మాత్రమే. ఆ ఇంటివే కనుక మన ఇంటి దాకా వస్తాయి.

రాజ్యలక్ష్మమ్మ 1910లో మరణించారు. మరుసటి ఏడు ప్రథమ భాగం అచ్చయింది. ఆమె ప్రస్తావన ఉన్నచోట్ల ఆ గ్రంథం స్వరం మారిపోవడానికి ఈ కాలసామీప్యం కారణమా అన్నది మరొకరు ప్రత్యేకంగా పరిశీలించదగిన విషయం.

నవ్వే దూరం

శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి ‘అనుభవాలూ జ్ఞాపకాలూనూ’లో పరిస్థితి వేరు. వేదశాస్త్రాలకు పుట్టినిల్లయిన కుటుంబంలో పుట్టి తెలుగు రచన మీద మనసు పడ్డ కుర్రవాడి కథ అది. సంస్కృతం చదివిన ఇంట తెలుగుకు విలువ లేకపోవడం అతడికి పెద్ద దెబ్బే. కానీ రాస్తున్న శ్రీపాద ఆ కుర్రవాడి తరఫున వాదించరు. అతడి పట్టుదలనూ, పొగరునూ, తెలియనితనాన్నీ కూడా ముచ్చటగా చూస్తారు. ఇక్కడ దూరాన్ని ఏర్పరిచింది హాస్యం. దారిలో కనిపించిన ప్రతి ఊరి దగ్గరా, ప్రతి పండితుడి దగ్గరా ఆగిపోయే ఆ కథనం పరిశోధకుడి ఓపికను పరీక్షిస్తుంది. ఒక తేదీ కోసం వెతుకుతూ వెళ్లి ఒక భోజనం ముచ్చట దగ్గర చిక్కుకుపోయిన అనుభవం ఈ గ్రంథంతో పని చేసినవారందరికీ ఉండే ఉంటుంది. కానీ ఆ పక్కదారుల్లోనే పాఠకుడికి అరుగు దొరుకుతుంది.

నా ప్రతిపాదనకు లొంగని గ్రంథం కూడా ఒకటుంది. ఆదిభట్ల నారాయణదాసు ‘నా యెరుక’ ఆయన తొలి ముప్పై ఏళ్ల జీవితం దగ్గర ఆగిపోతుంది. అందులో రాస్తున్న దాసుగారికీ అనుభవించిన దాసుగారికీ దూరం ఉన్నట్టు తోచదు. ఇద్దరూ ఒకే ఉత్సాహంలో ఉంటారు. అయినా చదివిస్తుంది. బహుశా అక్కడ పాఠకుడు సహృదయుడి పక్కన కాక హరికథ ముందు కూర్చుంటాడు. అది ఆయనకు మాత్రమే చెల్లిన పద్ధతి. దాన్ని సూత్రంగా మార్చబోయినవారు ప్రగల్భాలు పలికినవారిగా మిగిలారు.

1939 నాటి పెళ్లి

1881 నాటి వివాహం గురించి మనకు ఎంతో తెలుసు. కానీ గౌరమ్మ మనసులో ఏముందో ‘స్వీయచరిత్రము’ మనకు చెప్పదు. ఆమె ఆ ఉద్యమానికి కేంద్రం. అయినా ఏ వాక్యానికీ ఆమె ‘నేను’ కాలేదు. ఆ స్థానంలో ఉన్న స్త్రీ తానే మాట్లాడితే ఎలా ఉంటుందో తెలియడానికి తెలుగు పాఠకులు చాలాకాలం ఎదురుచూడవలసి వచ్చింది.

1918లో కృష్ణా జిల్లా పామర్రులో పుట్టిన కొండపల్లి కోటేశ్వరమ్మకు ఊహ తెలియని వయసులో పెళ్లయింది. ఊహ తెలియకముందే వైధవ్యం కూడా వచ్చింది. తాను వితంతువునన్న సంగతి ఆమెకు ఇతరుల మాటల వల్ల తరువాత తెలిసింది. 1939లో కొండపల్లి సీతారామయ్యతో ఆమె పునర్వివాహం జరిగింది. రాజమహేంద్రవరంలోని తొలి పెళ్లికి అప్పటికి 58 ఏళ్లు. సంస్కర్తల గ్రంథంలో వైధవ్యం ఒక సమస్య. దానికి పేరుంది, శాస్త్రచర్చ ఉంది, పరిష్కారం ఉంది. ‘నిర్జన వారధి’లో అది ఆ పిల్లకు జరిగినట్టే తెలియని సంగతి. తన జీవితంలోని అతి పెద్ద సంఘటనకు తాను సాక్షి కాకపోవడం ఎలాంటిదో ఏ సంస్కరణోద్యమ చరిత్రా చెప్పలేదు, చెప్పే వీలూ లేదు. దాన్ని తెలుసుకున్న మనిషే చెప్పాలి.

కోటేశ్వరమ్మ జీవితంలోని తక్కిన ఘట్టాలు సంక్షేపంగా ఇవి. కమ్యూనిస్టు ఉద్యమంలో పాటలు పాడారు, మహిళాసంఘంలో పనిచేశారు, నిర్బంధకాలంలో అజ్ఞాతవాసం గడిపారు. తరువాత భర్త విడిచిపోయారు. ముప్పై అయిదేళ్ల వయసులో హైదరాబాదులోని ఆంధ్ర మహిళా సభలో చేరి మెట్రిక్ చదివారు. కాకినాడలో విద్యార్థినుల వసతిగృహంలో మేట్రన్‌గా ఉద్యోగం చేశారు. కొడుకునూ కూతురునూ కూడా కోల్పోయారు. తొంభై దాటిన వయసులో ఈ పుస్తకం వెలువరించారు. 2018లో నూరేళ్ల వయసులో మరణించారు.

ఈ వరుసను చదివినవారెవరైనా కంటతడి పెట్టించే పుస్తకాన్ని ఊహిస్తారు. పుస్తకం అలా నడవదు. దుఃఖం ఎక్కువయ్యేకొద్దీ వాక్యం చిన్నదవుతుంది. బిడ్డలను కోల్పోయిన సందర్భాల్లో ఆమె కథనాన్ని విలాపంగా మార్చరు. జరిగింది చెబుతారు, తరువాత చేయవలసి వచ్చిన పని చెబుతారు. చదువు, ఉద్యోగం, ఎవరికి వండాలి, ఎవరిని పెంచాలి అన్నవి దుఃఖం వెనుకనే వచ్చి నిలబడతాయి. ఆ రెండు వాక్యాల నడుమ ఏముందో ఆమె చెప్పరు. పాఠకుడు ఆగేది అక్కడే. అనుభూతికి ఉండవలసిన చోటును ఆమె ఖాళీగా ఉంచారు కనుక మనం అందులోకి వెళ్లగలుగుతున్నాం. ఆ చోటును ఆమె కన్నీళ్లతో ఆమే నింపి ఉంటే మనకు గుమ్మం దగ్గర నిలబడే పని తప్ప మరొకటి మిగిలేది కాదు. ధ్వనివాదులు చెప్పిన వ్యంగ్యార్థం పద్యానికే పరిమితమనుకునేవారు ఈ వచనాన్ని ఒకసారి నిదానంగా చదవాలి.

మేట్రన్ ఉద్యోగం గురించిన భాగాన్ని సమీక్షకులు సాధారణంగా ఒక వాక్యంతో దాటేస్తారు. ఉద్యమ ఘట్టాలే ఆసక్తికరమని వారి అభిప్రాయం కావచ్చు. నా దృష్టిలో పుస్తకానికి ఆయువుపట్టు అక్కడ ఉంది. మేట్రన్ పని అంటే పరాయి పిల్లల అన్నం, జ్వరం, తాళంచెవులు, ఆలస్యంగా వచ్చినవాళ్ల సంజాయిషీలు. సొంత బిడ్డలకు దూరంగా ఉన్న తల్లి ఆ పని చేస్తోందన్న సంగతిని రచయిత్రి మనకు గుర్తు చేయరు. గుర్తు చేసుకునే పని మనకు వదిలేశారు.

పుస్తకంలో సీతారామయ్య ఉన్న తీరు మరింత గమనించదగ్గది. 1980లో పీపుల్స్‌వార్‌ను స్థాపించిన నాయకుడిగా ఆయన పేరు చరిత్రలో ఉంది. చాలామంది ఈ పుస్తకాన్ని ఆయన కోసం తెరిచి ఉంటారు. లోపలి రహస్యాలు, నిందలు, నిజస్వరూపం వంటివి ఆశించినవారికి ఇది నిరాశే మిగులుస్తుంది. ఆయన ఇక్కడ భర్తగా ప్రవేశించి భర్తగానే తప్పుకుంటారు. ఆయన లేని ఏళ్లు పుస్తకంలో ఆయన ఉన్న ఏళ్లకంటే తక్కువవి కావు. చివరి దశలో ఆయన చూడాలని కోరినప్పుడు ఆమె మొదట వెళ్లనన్నారు, తరువాత వెళ్లారు. ఆ రెండింటిలో ఏది సరైనదో ఆమె మనకు చెప్పరు. క్షమించారా అన్న ప్రశ్నకు పుస్తకంలో సూటి సమాధానం వెతకడం, దొరకక తామే ఒకటి కల్పించి మెచ్చుకోవడం కొందరు పాఠకుల స్వభావం. క్షమ అనే మాట పెద్దది, అందంగా ఉంటుంది. కానీ వెళ్లనని అన్న మనిషి, వెళ్లిన మనిషి ఇద్దరూ ఆమెలో ఉన్నారు. రాస్తున్న తొంభయ్యేళ్ల మనిషి ఆ ఇద్దరిలో ఎవరినీ రద్దు చేయలేదు.

వీరేశలింగం పుస్తకంలో పాఠకుడు తీర్పరి. ఇక్కడ తీర్పు చెప్పమని ఎవరూ అడగరు. పేరులోని వారధి కూడా మనుషులు దాటి వెళ్లడానికి కట్టినదే. దాటినవాళ్లు వెళ్లిపోయాక మిగిలిన నిర్మాణాన్ని రచయిత్రి తన పేరుగా ఎంచుకున్నారని నాకు అనిపిస్తుంది.

సంయమనాన్ని మెచ్చుకోవడంలోని చిక్కు

ఇంతవరకు చెప్పినదానికి ఒక బలమైన అభ్యంతరం ఉంది. దాన్ని పక్కన పెట్టి ముందుకు వెళ్లడం న్యాయం కాదు. స్త్రీల రచనలో సంయమనాన్ని మెచ్చుకోవడం, దళితుల రచనలో ఆవేశాన్ని తప్పుపట్టడం మన విమర్శకు పాత అలవాటు. కోటేశ్వరమ్మ ఎవరినీ నిందించలేదు, ఎంత ఉదాత్తం అన్న మాట వినడానికి బాగుంటుంది. దాని లోపల మాత్రం ఓర్పు గల స్త్రీకి ఇచ్చే పాత ధ్రువపత్రమే ఉంది. మరొక స్త్రీ నిందిస్తూ రాస్తే ఆ ధ్రువపత్రం ఆమెకు వ్యతిరేకంగా పనిచేస్తుంది. అందుచేత సంయమనం అనే మాటను నేను కళాగుణంగా ప్రతిపాదించడం లేదు. పాఠకుడికి చోటు వదలడం వేరు, మెత్తగా మాట్లాడటం వేరు. కోపంగా మాట్లాడుతూ చోటు వదలవచ్చు. మెత్తగా మాట్లాడుతూ పాఠకుడికి ఊపిరాడకుండా చేయవచ్చు. మన సాహిత్యంలో రెండో రకం మెత్తదనానికి కొదవ లేదు.

టి.ఎన్. సదాలక్ష్మి బతుకు కథను గోగు శ్యామల ‘నేనే బలాన్ని’ పేరుతో 2011లో గ్రంథంగా తెచ్చారు. ఆ పేరులో మెత్తదనం ఏమీ లేదు. మంత్రిగా, శాసనసభ ఉపసభాపతిగా పనిచేసిన దళిత నాయకురాలి స్వరం అందులో పాఠకుడి జాలిని కోరదు, ఒప్పుదలనూ కోరదు. ఆమె మాట తీరులోనే ఒక సభ ఉంది. అందులో పాఠకుడికి దొరికే చోటు వినేవాడి చోటు. ఇక్కడి ప్రభావానికి కారణం నిజాయితీ అని రాసి ఊరుకుంటే, ఆ మాట కట్టు ఎలాంటిది, ఆమె ఎక్కడ ఆపుతుంది, ఎక్కడ ఎదురు ప్రశ్న వేస్తుంది అన్నవి ఎవరూ చూడరు. సిద్ధాంత గ్రంథాల్లో ఇలాంటి పుస్తకాలు సామాజిక నేపథ్యం అనే అధ్యాయంలో ఉదాహరణలుగా వస్తాయి. శైలీ శిల్పాల అధ్యాయంలోకి రావు. శ్రీపాద వారి వచనానికి శైలి ఉందనీ, సదాలక్ష్మి మాటకు సమాచారం మాత్రమే ఉందనీ మనం ఎక్కడా రాయలేదు. అయినా మన అధ్యాయ విభజన ఆ మాటే అంటోంది. ఎవరి జీవితం రచన, ఎవరి జీవితం ఆధారపత్రం అన్న నిర్ణయం అలా చడీచప్పుడు లేకుండా జరిగిపోతోంది.

చెప్పిన కథలు, రాసిన కథలు

ఇక్కడ మరొక సమస్య ఎదురవుతుంది. 1986లో స్త్రీశక్తి సంఘటన వెలువరించిన ‘మనకు తెలియని మన చరిత్ర’లో తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు తమ అనుభవాలను చెప్పారు. వేరేవారు వాటిని విని అక్షరబద్ధం చేశారు. ‘నేనే బలాన్ని’ కూడా చెప్పగా విని కూర్చినదే. పక్షీ మునీ ఒకరే అన్న నా సూత్రం ఈ గ్రంథాల దగ్గర మళ్లీ చీలిపోతుంది. అనుభవించింది ఒకరు, వాక్యం చేసింది మరొకరు. తొలి సహృదయులు ఎదుట కూర్చుని ప్రశ్నలు అడిగినవారు. చెబుతున్నవారు ఎక్కడ ఆగాలో కొంతవరకు ఆ ప్రశ్నలే నిర్ణయిస్తాయి. ఆ ఆగడాన్ని అచ్చులో పేరా విరుపుగా మార్చాలా, చుక్కలుగా మార్చాలా, పూర్తిగా చెరిపేయాలా అన్నది కూర్పరి నిర్ణయం. ‘నిర్జన వారధి’లో రెండు వాక్యాల నడుమ మౌనం రచయిత్రిదని మనం ధైర్యంగా అనగలం. చెప్పి రాయించిన గ్రంథంలో ఆ మౌనం ఎవరిదో తేల్చకుండా శైలి గురించి మాట్లాడటం కష్టం.

ఆ కష్టాన్ని చూసి ఈ గ్రంథాలను మళ్లీ ఆధారపత్రాల గదిలోకి పంపడం పరిష్కారం కాదు. ప్రాచీన కావ్యాలకు పాఠాంతరాలను పరిష్కరించే విద్య మన శాఖలకు కొత్త కాదు. తాళపత్ర ప్రతుల్లో ఒక్క అక్షరం తేడా కోసం పుటలకు పుటలు చర్చించిన సంప్రదాయం మనది. మౌఖిక ఆత్మకథల మూల ధ్వనిముద్రణలు అందినచోట వాటిని అచ్చుప్రతి పక్కన పెట్టి, ఏ మాట నిలిచింది, ఏ మాట జారింది, ఏ యాస సమమైపోయింది, ఏ మౌనం పేరా విరుపుగా మారింది అని అదే శ్రద్ధతో చూడవచ్చు. నల్లగొండ పల్లెలో ఒక స్త్రీ తన మాట మధ్యలో తీసుకున్న ఊపిరికీ పాఠపరిష్కరణ అవసరమే.